నిబంధనల్లో రాసి ఉన్నదే మాకూ అమలు చేయండి: నర్సింగ్ పీహెచ్‌డీ స్కాలర్ల తరఫున బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ ఉన్నతాధికారులకు, ఆరోగ్య విశ్వవిద్యాలయాల పాలకవర్గాలకు, నర్సింగ్ కళాశాలల యాజమాన్యాలకు నమస్కారాలు.

నేను ఒక నర్సింగ్ కళాశాలలో మెడికల్ సర్జికల్ నర్సింగ్ బోధిస్తున్నాను. ఉద్యోగం చేసుకుంటూ పార్ట్‌టైమ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. నాలాగే ప్రభుత్వాసుపత్రుల్లోనూ ప్రైవేటు కళాశాలల్లోనూ పనిచేస్తూ పరిశోధన చేస్తున్న తెలుగు నర్సులం కొంతమందిమి కలిసి, ఈ లేఖలోని విషయాలనే వినతిపత్రంగా రాసి ఇచ్చాం. తీసుకున్నారు, ఇన్‌వర్డ్ ముద్ర వేసిన నకలు చేతికిచ్చారు. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లి అడిగినా ఫైలు పై సెక్షన్లో ఉందనే చెబుతున్నారు. జవాబు మాత్రం రాలేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను. ఏ కార్యాలయం, ఏ విశ్వవిద్యాలయం అనేది రాయడం లేదు. ఇక్కడ చెప్పబోయే ఇబ్బందులు ఒక్క చోటివి కావు, ఒకరిని తప్పుపడితే తీరేవీ కావు.

ముందే ఒక మాట. మేం ప్రత్యేక రాయితీలేవీ అడగడం లేదు. పీహెచ్‌డీకి కనీస ప్రమాణాలు నిర్దేశిస్తూ విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2022 నవంబరు 7న కొత్త నిబంధనలు నోటిఫై చేసింది. మేం అడిగేవాటిలో ముఖ్యమైనవి కొన్ని అందులో ఉన్నవే. భౌతికశాస్త్రం స్కాలర్‌కు, తెలుగు సాహిత్యం స్కాలర్‌కు వర్తించే ఆ నిబంధనలు నర్సు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఆగిపోతున్నాయన్నదే మా ప్రశ్న.

'నర్సుకు డాక్టరేట్ ఎందుకమ్మా, ఇంజెక్షన్ చేయడానికా?' అని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. మన దేశంలో నర్సింగ్ డిగ్రీ కోర్సు 1946లో మొదలైంది, ఎమ్మెస్సీ 1959లో వచ్చింది. పీహెచ్‌డీ దాకా రావడానికి 1992 అయింది. ఇంత ఆలస్యంగా వచ్చిన చదువు గనక ఆ ప్రశ్న అడిగేవాళ్లను నేను తప్పుపట్టను. నా పరిశోధన అంశంతోనే జవాబు చెబుతాను.

పక్షవాతం వచ్చిన మనిషిని ఆసుపత్రిలో ఎన్నో రోజులు ఉంచరు. ప్రాణాపాయం తప్పగానే ఇంటికి పంపేస్తారు. అక్కడి నుంచి ఆ మనిషి బరువంతా కోడలిదో, కూతురిదో, భార్యదో అవుతుంది. ఒక కాలూ చెయ్యీ కదలని మనిషిని పడక పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని డిశ్చార్జి రోజు చెబుతాం. పొలానికో కూలికో వెళ్లాల్సిన మనిషి ఇంట్లో ఒక్కతే ఉండి, డెబ్బై కిలోల మనిషిని రాత్రంతా రెండు గంటలకోసారి ఎలా తిప్పుతుందో మాత్రం చెప్పం. నేను చూసిన చాలా ఇళ్లలో పాత నూలు చీరను గుండ్రంగా చుట్టి, బిందె కింద పెట్టుకునే చుట్టకుదురులా చేసి, రోగి మడమ కిందో నడుము కింది ఎముక దగ్గరో పెడుతున్నారు. మెత్తగా ఉంటుందని ప్రేమతో చేసే పని అది. కానీ ఆ చుట్ట అంచు ఒత్తుకున్న చోట రక్తప్రసరణ తగ్గి, మధ్యలో చర్మం ఇంకా త్వరగా దెబ్బతింటుంది. అలాంటి రింగులు వాడొద్దని మా పాఠ్యపుస్తకాలు ఎప్పటి నుంచో చెబుతున్నాయి. ఆ కోడలికి మాత్రం ఎవరూ చెప్పలేదు. చుట్ట వద్దంటే, ఆ ఇంట్లో దొరికే వస్తువుల్లో ఏది పెట్టాలో మాకూ రుజువుతో తెలియదు.

ఇంకొకటి. పడక పుండు మొదలయ్యేటప్పుడు చర్మం ఎర్రబడుతుందని, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోదని విద్యార్థులకు నేర్పుతాం. పుస్తకంలో బొమ్మ తెల్ల చర్మం మీదే ఉంటుంది. చామనఛాయ వీపు మీద, నల్లటి మడమ మీద ఆ ఎరుపు కంటికి ఆనదు. చేత్తో తాకి వేడిని, గట్టిదనాన్ని పక్క చర్మంతో పోల్చి చూడాలి. మేం వాడే బ్రేడెన్ స్కేలులో 6 నుంచి 23 దాకా మార్కులుంటాయి. మార్కులు తగ్గేకొద్దీ పుండు పడే ప్రమాదం ఎక్కువ. ఆసుపత్రి మంచం మీద వేసిన ఆ మార్కులు నులక మంచం మీద, నేల మీద పరిచిన బొంత మీద ఎంతవరకు నిలబడతాయి? ఇది న్యూరాలజిస్టు చేసే పరిశోధన కాదు. ఆయన చూసేది రోగి మెదడులో గడ్డకట్టిన రక్తం సంగతి, చూడాలి కూడా. ఈ ప్రశ్న నర్సుది. మేం అడగకపోతే ఇంకెవరూ అడగరు.

ఇలాంటి ప్రశ్నలు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో అది 81.5 శాతం. 2017లో తెలంగాణలో మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. నొప్పులు పడుతున్న తల్లి పక్కన శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ మొదటి నుంచీ ఉంటే ఏం మారుతుందో ఏళ్ల తరబడి, జిల్లాలవారీగా లెక్కతీయాల్సింది మాలాంటి వాళ్లమే. ఉద్దానం కిడ్నీ రోగుల కోసం పలాసలో 2023 డిసెంబరులో పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. డయాలసిస్ చేయించుకుని ఇంటికి వెళ్లిన రైతు ఎండలో పనిచేస్తూ నీళ్లు ఎంత తాగాలి, డయాలసిస్ సూది కోసం చేతి రక్తనాళాలు కలిపి చేసిన ఫిస్టులాను బురదలో ఎలా కాపాడుకోవాలి? ఇవీ నర్సింగ్ ప్రశ్నలే.

నర్సింగ్ చదువుకు, రోగి ప్రాణానికి సంబంధం లేదనుకునేవారికి ఒక్క లెక్క చెబుతాను. తొమ్మిది యూరప్ దేశాల ఆసుపత్రుల మీద చేసిన అధ్యయనం 2014లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. నర్సు చూడాల్సిన రోగుల సంఖ్యలో ఒకరు పెరిగితే, ఆపరేషనైన రోగి నెలలోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోందని, డిగ్రీ చదివిన నర్సుల వాటా 10 శాతం పెరిగితే అదే 7 శాతం తగ్గుతోందని తేలింది. అక్కడ ఆ ప్రశ్న వేసిన బృందానికి ముందు నిలిచినవాళ్లు నర్సింగ్ పరిశోధకులే.

ఇక మా ఇబ్బందులు, వాటితోపాటే డిమాండ్లు.

1. ఎన్‌ఓసీలో రాసిన సమయం ఇవ్వండి.

పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో చేరాలంటే పనిచేసే చోటి నుంచి నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) తేవాలి. అందులో మూడు మాటలుండాలని యూజీసీ చెప్పింది. ఈ ఉద్యోగికి పార్ట్‌టైమ్‌లో చదువుకోవడానికి అనుమతి ఇచ్చాం. పరిశోధనకు తగినంత సమయం కేటాయించేలా ఆమె విధులు ఉన్నాయి. అవసరమైతే కోర్స్ వర్క్ (పీహెచ్‌డీలో భాగంగా హాజరవ్వాల్సిన తరగతులు) కోసం డ్యూటీ నుంచి రిలీవ్ చేస్తాం. ఈ మూడింటి కింద సంతకం, స్టాంపు పడతాయి. ఆ తర్వాత డ్యూటీ చార్టు వేసేటప్పుడు ఆ కాగితాన్ని ఎవరూ తీసి చూడరు.

నాకు తెలిసిన ఒక స్టాఫ్ నర్సు వారం నైట్ డ్యూటీలు ముగించి, ఆ ఉదయమే రైలెక్కి కోర్స్ వర్క్ క్లాసుకు వెళ్లేది. ఆ రోజులకు జీతం కోత పడింది. మరో మేడమ్ డేటా కలెక్షన్ కోసం తన క్యాజువల్ లీవులన్నీ వాడేసింది. ఇంట్లో పిల్లాడికి జ్వరం వస్తే పెట్టుకోవడానికి సెలవు మిగల్లేదు. అసలే నర్సులు చాలరు, సెలవులు ఎక్కడి నుంచి తెచ్చివ్వమంటారని అడుగుతారు. ఆ బాధ మాకంటే ఎవరికి తెలుసు? బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. ఆ వార్డుల్లో రాత్రిపూట నిలబడి పనిచేసేది మేమే. ఖాళీలు నింపకపోవడం వల్ల వచ్చిన కొరతను పరిశోధన చేసే నర్సు సెలవుతో పూడ్చడం న్యాయం కాదు.

డిమాండ్: కోర్స్ వర్క్ కాలానికి జీతంతో కూడిన డ్యూటీ లీవు ఇవ్వాలి. డేటా కలెక్షన్ ఏడాదిలో వారానికి కనీసం ఒక పూర్తి రోజు కేటాయించాలి. ప్రభుత్వ నర్సుల్లో ఏటా కొందరికి స్టడీ లీవు మంజూరు చేసి, వాళ్ల స్థానంలో తాత్కాలికంగా వేరేవాళ్లను నియమించాలి.

2. గైడ్లు ఎక్కడున్నారో చెప్పండి. దళారుల దారి మూయండి.

మా సమస్యలన్నింటికీ మూలం ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. పరిశోధనను పర్యవేక్షించే గైడ్‌గా (సూపర్‌వైజర్‌గా) ఉండాలంటే పీహెచ్‌డీ ఉండాలి, రెగ్యులర్ ఉద్యోగి అయి ఉండాలి. ప్రొఫెసర్, అసోసియేట్ ప్రొఫెసర్‌కు కనీసం ఐదు, అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు మూడు పరిశోధన పత్రాలు ప్రచురితమై ఉండాలి. ప్రొఫెసర్ ఒకేసారి ఎనిమిది మందికి, అసోసియేట్ ఆరుగురికి, అసిస్టెంట్ నలుగురికి మించి గైడ్ చేయకూడదు. ఇవి మంచి నిబంధనలే, మేం సడలించమనడం లేదు. కానీ పీహెచ్‌డీ చేసిన నర్సింగ్ అధ్యాపకులే తక్కువైన చోట ఈ వడపోతలన్నీ దాటి మిగిలేది కొద్దిమంది. ఆ కొద్దిమందిలో ఎవరి దగ్గర ఖాళీ ఉందో తెలుసుకోవడానికి ఫోన్లు చేసుకుంటూ, తెలిసినవాళ్ల చేత చెప్పించుకుంటూ తిరగాలి.

ఇక్కడే దళారులు పుట్టుకొస్తున్నారు. 'మేడమ్, మీరు రానక్కర్లేదు, సినాప్సిస్ నుంచి థీసిస్ దాకా అన్నీ మేమే చూసుకుంటాం, మూడేళ్లకు డిగ్రీ చేతికి' అంటూ నర్సింగ్ అధ్యాపకుల ఫోన్లకు మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. పీహెచ్‌డీ ప్రమాణాలు పాటించలేదని రాజస్థాన్‌లోని మూడు ప్రైవేటు విశ్వవిద్యాలయాలను ఐదేళ్లపాటు పీహెచ్‌డీ అడ్మిషన్లు చేసుకోకుండా 2025 జనవరిలో యూజీసీ నిలిపేసింది. తెలిసి కొనుక్కునేవాళ్ల గురించి నేను మాట్లాడను. ఇక్కడ సీటు దొరక్క, గైడ్ దొరక్క, ఎవరో చెప్పిన మాట నమ్మి అప్పు చేసి ఫీజు కట్టే నర్సు గురించి నా బాధ. కొనుక్కున్న డిగ్రీతో ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చున్నవాళ్ల దగ్గర చదివిన పిల్లలే రేపు మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఐసీయూలో సేవ చేస్తారు. నష్టం అక్కడిదాకా వెళుతుంది.

డిమాండ్: అర్హులైన గైడ్ల పేర్లు, వారి దగ్గరున్న ఖాళీలు ప్రతి విద్యాసంవత్సరం ముందు విశ్వవిద్యాలయం వెబ్‌సైట్లో పెట్టాలి. ప్రవేశ పరీక్ష ఏటా చెప్పిన నెలలో జరగాలి. వేరే విభాగాలతో కలిపి చేసే పరిశోధనకు బయటి నుంచి కో-సూపర్‌వైజర్‌ను తీసుకోవచ్చని నిబంధన ఉంది కాబట్టి కమ్యూనిటీ మెడిసిన్, బయోస్టాటిస్టిక్స్, సైకాలజీ విభాగాల వారిని ఆ హోదాలో అనుమతించాలి. నర్సింగ్ కళాశాలల్లో చేరే ప్రతి పీహెచ్‌డీ పట్టానూ నియామకానికి ముందే తనిఖీ చేయాలి.

3. గైడ్ రిటైరైనా, స్కాలర్ ఊరు మారినా పరిశోధన ఆగకూడదు.

మూడేళ్లలోపు రిటైరయ్యేవారు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. అయితే అప్పటికే ఉన్నవారికి పదవీ విరమణ తర్వాత 70 ఏళ్లు వచ్చేదాకా కో-సూపర్‌వైజర్‌గా కొనసాగవచ్చు. మా వాళ్లలో ఒకామెకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. గైడ్ రిటైరయ్యారు కాబట్టి కొత్త గైడ్, కొత్త అంశం చూసుకోమన్నారు. ఇంకో అమ్మాయి పెళ్లై వేరే రాష్ట్రం వెళితే రిజిస్ట్రేషన్ వదులుకోమన్నారు. పెళ్లి వల్లనో మరో కారణం వల్లనో మహిళా స్కాలర్ ఊరు మారితే ఆమె పరిశోధన డేటాను కొత్త సంస్థకు బదిలీ చేయనివ్వాలని అదే నిబంధనల్లో ఉంది. పీహెచ్‌డీకి గరిష్ఠ గడువు ఆరేళ్లు, రీ-రిజిస్ట్రేషన్‌తో ఎనిమిది, మహిళలకు పదేళ్ల వరకు. ప్రసూతికి, పిల్లల సంరక్షణకు 240 రోజుల వరకు సెలవు. దాదాపు అందరూ ఆడవాళ్లే ఉన్న వృత్తిలో ఈ సంగతులు స్కాలర్లకు ఎవరూ చెప్పకపోవడం ఏం మర్యాద?

డిమాండ్: రిజిస్ట్రేషన్ రోజునే ఈ హక్కులన్నీ తెలుగులో రాసిన పత్రంగా స్కాలర్ చేతికివ్వాలి.

4. ఆసుపత్రుల్లో అనుమతులకు గడువు పెట్టండి.

పరిశోధనలో రోగుల భద్రత, హక్కులు చూసే ఎథిక్స్ కమిటీ ఆమోదం ఉండి తీరాలి, అందులో రాజీ లేదు. రోగి సమ్మతి, గోప్యత గురించి మాకు ఒకరు గుర్తు చేయనక్కర్లేదు. కానీ కమిటీ ఆమోదించాక సూపరింటెండెంటు, విభాగాధిపతి, రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్ (ఆర్‌ఎంఓ), నర్సింగ్ సూపరింటెండెంటు అంటూ విడివిడిగా సంతకాల చుట్టూ తిరగాల్సి వస్తోంది. ఒకరు సెలవులో ఉంటే అంతా ఆగిపోతుంది. కమిటీ సమావేశం ఎప్పుడో ముందుగా తెలియదు. పడక పుండ్ల మీద అధ్యయనంలో రోగికి ప్రమాదమేమిటో, వార్డు పనికి అడ్డమేమిటో చెప్పగల నర్సు ఆ గదిలో ఉండరు.

డిమాండ్: కమిటీ సమావేశాల తేదీలు ముందే ప్రకటించాలి. ఆమోదం వచ్చాక ఆసుపత్రిలో ఒకే దరఖాస్తు, పదిహేను పనిదినాల్లో నిర్ణయం ఉండాలి. బోధనాసుపత్రుల ఎథిక్స్ కమిటీల్లో ఒక సీనియర్ నర్సుకు స్థానం ఇవ్వాలి.

5. ఫెలోషిప్.

యూజీసీ జాతీయ అర్హత పరీక్ష (నెట్) సబ్జెక్టుల జాబితాలో నర్సింగ్ లేదు. అంటే ఎంత బాగా చదివినా మాకు ఆ దారిలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) రాదు. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000, తర్వాతి దశలో వచ్చే సీనియర్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్) 42,000 రూపాయలు. మిగతా శాస్త్రాల స్కాలర్ ఆ డబ్బుతో పూర్తికాలం పరిశోధన చేయగలుగుతారు. మేం జీతంలోంచి ఫీజులు, ప్రయాణ ఖర్చులు, స్టాటిస్టిషియన్ ఖర్చులు పెట్టుకుంటాం. అందుకే మా అధ్యయనాలు దగ్గరి ఆసుపత్రిలో, కొద్దిమంది రోగుల మీద ముగిసిపోతున్నాయి. పాడేరు కొండల్లో సికిల్ సెల్ రక్త జబ్బు ఉన్న పిల్లల దగ్గరికి, నల్లగొండ ఫ్లోరైడ్ గ్రామాలకు వెళ్లి నెలల తరబడి ఉండే శక్తి జీతం మీద బతికే నర్సుకు లేదు.

డిమాండ్: నెట్‌లో నర్సింగ్‌ను చేర్చాలని రెండు రాష్ట్రాలూ యూజీసీకి లేఖ రాయాలి. అది జరిగేలోగా ఏటా కనీసం పది రాష్ట్ర ఫెలోషిప్‌లు ఇవ్వాలి. గిరిజన ప్రాంతాల మీద పనిచేసేవారికి మొదటి ప్రాధాన్యం ఉండాలి.

6. థీసిస్ ఇచ్చాక ఆరు నెలల్లో తేల్చండి.

మూల్యాంకనం, వైవా (మౌఖిక పరీక్ష) మొత్తం ఆరు నెలల్లో పూర్తి కావాలని యూజీసీ చెబుతోంది. పరీక్షకుల నుంచి రిపోర్టు రాలేదనే జవాబుతో అంతకు మించి ఎదురుచూస్తున్నవారు మాలో ఉన్నారు. థీసిస్ ఏ దశలో ఉందో ఆన్‌లైన్లో చూసుకునే ఏర్పాటు చేయండి.

7. పరిశోధన చేసిన నర్సుకు వార్డులో పని ఇవ్వండి.

నర్సింగ్ కళాశాల ప్రిన్సిపాల్ పోస్టుకు కూడా పీహెచ్‌డీ 'ఉంటే మంచిది' అన్న స్థాయిలోనే కౌన్సిల్ ప్రమాణాల్లో ఉంది. క్లినికల్ వైపు, అంటే ఆసుపత్రి ఉద్యోగాల్లో, ఆ మాత్రం కూడా లేదు. డాక్టరేట్ తెచ్చుకున్న స్టాఫ్ నర్సు మర్నాడు వచ్చి అదే సీనియారిటీ వరుసలో నిలబడుతుంది. ఆమె కనుక్కున్నది థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారమైన శోధ్‌గంగలో పీడీఎఫ్‌గా ఉంటుంది, ఆమె పనిచేసే వార్డులోనే అమలు కాదు. బ్రేడెన్ లాంటి ఒకే కొలత స్కేలుకు తెలుగు రూపాన్ని ఒక్కో స్కాలర్ మళ్లీ మొదటి నుంచి తయారు చేసుకుంటోంది. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. ఇప్పుడైనా ఈ హోదాల సంగతి తేల్చాలి.

డిమాండ్: ప్రతి బోధనాసుపత్రిలో ఒక నర్సింగ్ రీసెర్చ్ ఆఫీసర్ పోస్టు మంజూరు చేయాలి. పడక పుండ్లు, కాథెటర్ ఇన్‌ఫెక్షన్లు, రోగులు మంచం మీద నుంచి పడిపోవడం, ఈ మూడింటి లెక్కలు ప్రతి నెలా తీసి తగ్గించే బాధ్యత ఆమెకు అప్పగించాలి. పీహెచ్‌డీకి ఇంక్రిమెంట్లు, పదోన్నతిలో వెయిటేజీ ఇవ్వాలి.

వీటిలో గైడ్ల జాబితా, హక్కుల పత్రం, ఎథిక్స్ కమిటీ తేదీలు, థీసిస్ దశ ఆన్‌లైన్లో చూపడం, ఈ నాలుగింటికి బడ్జెట్ అక్కర్లేదు. ఒక సర్క్యులర్ చాలు. అవి ఈ విద్యాసంవత్సరంలోనే చేయాలి. డబ్బుతో ముడిపడినవాటిపై ఆర్థిక శాఖతో మాట్లాడి గడువు చెప్పండి. చర్చకు పిలిస్తే వస్తాం. మా పరిశోధన పనుల వివరాలు, ఎన్‌ఓసీ నకళ్లు, డ్యూటీ చార్టులు తెస్తాం. పిలవలేకపోతే కనీసం రాతపూర్వకంగా జవాబివ్వండి. ఈ ఏడు అంశాల్లో దేన్ని ఒప్పుకుంటున్నారో, దేన్ని కాదంటున్నారో, కాదన్నదాన్ని ఏ నిబంధన ప్రకారం కాదంటున్నారో అందులో రాయండి.

ఇట్లు,
నర్సింగ్ పీహెచ్‌డీ స్కాలర్ల తరఫున
ఒక నర్సింగ్ కళాశాల అధ్యాపకురాలు